మొదటి రెండు సెకన్లు

ఆమె నోరు తెరిచాక
రెండు సెకన్లు ఆగాలి. అది మా పద్ధతి.
మాట్లాడేది ఆమేనని చూసేవాళ్ళకి నమ్మకం కుదిరాక
మెల్లగా ఆ గొంతు తగ్గించి
పైన నా గొంతు పరుస్తారు,
మంచు మీద మంచు పడ్డట్టు.

పదకొండో అంతస్తు, స్పానిష్ విభాగం, రాత్రి డ్యూటీ.
గాజు అవతల అర్కాది ల్వోవిచ్ వేలు ఎత్తుతాడు.
మంచివాడే. ఇంటి నుంచి నాక్కూడా
ఫ్లాస్కులో బీట్‌రూట్ సూప్ తెస్తాడు.
స్క్రిప్టు ఎక్కణ్ణించి దిగుతుందో
అతను అడగడు, నేనూ అడగను.

ఈ రాత్రి తెర మీద ఒక ముసలామె.
సరిహద్దు అవతలి పల్లె. కప్పు ఎగిరిపోయిన కొట్టం.
తలకి గళ్ళ రుమాలు, చేతిలో ఖాళీ పాల బకెట్టు.
ఆమె భాష నాకు సగమే వచ్చు.
ఆ సగం చాలు.
"జోర్కా..." అంటోంది, "జోర్కా ఈనే రోజులు.
ఎవరు కొట్టారో నాకేం తెలుసు నాయనా,
చీకట్లో వచ్చే గుండుకి ఊరూ పేరూ ఉంటాయా?"

నా కాగితం మీద:
"ఇన్నాళ్ళకి మాకు విముక్తి దొరికింది.
మీ సైనికుల రుణం తీర్చుకోలేం."
పద్నాలుగు సెకన్లు. ఆమె పెదాలకి అతికినట్టు సరిపోయింది.
ఎవరో కూర్చుని కొలిచి రాశారు,
కాజాలు కుట్టినంత ఓపిగ్గా.

"ఏడుపు వద్దు నెలిదా, కృతజ్ఞత కావాలి."
రెండోసారి చదివాను.
బాగా వచ్చింది. ఆ సంగతి దాచను.

కింద క్యాంటీన్లో టీ తాగుతుంటే
అవతలి పక్షం వాళ్ళ ఛానల్లో మళ్ళీ ఆమే,
అదే రుమాలు, అదే బకెట్టు.
అక్కడ ఎవరిదో పడుచు గొంతుతో
పగ తీర్చమని అడుగుతోంది.

తెల్లారి ట్రామ్‌లో ఫోన్ మోగింది.
చిలీ నుంచి ఎదెల్మిరా పెద్దమ్మ.
డెబ్బై మూడులో
వంటింటి నేల మీద కిటికీ పెంకులు ఊడుస్తూ
మీ వీధిలో తుపాకీ పేలనే లేదని
రేడియో చెబితే విన్న మనిషి.
అందులో ఒక పెంకు
ఇప్పటికీ పంచదార డబ్బా పక్కనే ఉంటుంది.

"విన్నానే నీ గొంతు. అచ్చం మీ అమ్మదే.
నువ్వు చదివింది మాత్రం వినలేదు, ఏమనుకోకు.
నువ్వు మొదలెట్టకముందు
ఆ ముసలిది ఏదో అంది చూడు, జోర్కా అని.
అంటే ఏంటి? విముక్తా?"

"ఆవు పేరు పెద్దమ్మా. నిండు చూలాలు."

అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత ముక్కు చీదిన చప్పుడు.
"మరి దూడ?"

ట్రామ్ వంతెన మీద ఆగింది.
ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.
నా చేతిలో కాగితం లేదు.