ఆరున్నొక్కటి

హవల్లీలో పది మెట్లు దిగి రావాలి మా కొట్టుకి.
పైన ఆగస్టు కాలుతుంటుంది,
కింద ఏసీ నీళ్ళు బకెట్లో
చుక్క, చుక్క.

ఓదెలు ఆ పెట్టెను భుజాన మోసుకొచ్చాడు.
ఒకప్పటి తెలుపు, ఇప్పుడు చాయ్ రంగు.
"డిస్కు సచ్చింది తమ్మీ. మిగతా పానమంతా ఉన్నది."

కొత్తది కొనుక్కోరాదా అంటే నవ్వాడు.
పన్నెండు సూదుల అతని కుట్టుమిషను
ఈ పెట్టె మాట తప్ప ఇంకో పెట్టె మాట వినదట.
వెడల్పు మూతి పాత వైరు,
కొత్తవాటికి ఆ చెవే లేదు.
అబాయా అంచుల మీద వెండి తీగ,
మోచేతి దగ్గర మూడేసి ఆకులు,
అన్నీ ఇది చెబితేనే అది కుడుతుంది.

చిన్న డిస్కు కోసం బజారంతా తిరిగాను.
నలభై జీబీ అన్నానో లేదో
ఈజిప్టు షాపువాడు, మ్యూజియం అటువైపని చెయ్యి చూపించాడు.
దొరికినవాటిలో అన్నిటికన్నా చిన్నది
మూడు వందల ఇరవై.
"గింత జాగ నాకెందుకు?" అన్నాడు ఓదెలు,
ఫర్వానియాలో ఆరుగురి గదిలో
పై మంచం ఒక్కటే అద్దెకున్నవాడు.

బిగించాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు.
పెట్టె తడుముకుంది, గొణిగింది, ఆగింది:
నూట ముప్పై ఏడు.

జంపర్ మార్చాను. వైరు మార్చాను.
అరచేత్తో ఒకటిచ్చాను కూడా.
నూట ముప్పై ఏడు.

మా పిన్ని వేరుశనక్కాయలు కొలిచేటప్పుడు
ఒకటి అనేది కాదు, లాభం అనేది.
ఏడో సేరు దగ్గర చెయ్యి గాలిలో ఆపి
ఆరున్నొక్కటి అనేది.
గింజల ముందు ఏడు అనే మాటెందుకని.
కూలీలు నవ్వేవాళ్ళు. లెక్క మాత్రం ముందుకు పోయేది.

ఈ పెట్టెకు పిన్ని లేదు.
ఏడు దగ్గరే చతికిలబడింది.

దాని తప్పేం లేదు. చేసిననాడు
ఇరవై ఎనిమిది గళ్ళిచ్చి
ఇందులోనే లెక్క రాసుకోమన్నారు.
గళ్ళు నిండాక ఎదుట ఎంత ఉన్నా లేనట్టే.
నా బతాకా మీదా అంతే,
తాత పేరు సగంలో విరిగింది,
ఇంటిపేరు కార్డు అంచు దాకా వచ్చి పడిపోయింది.
పదకొండేళ్ళుగా ఆ ముక్కకే పలుకుతున్నాను.

"సరిపోతది తమ్మీ. నా డిజైన్లు మొత్తం కలిపినా
నాలుగు జీబీ లేవు. మిగిలింది ఉండనియ్."

ఉండనివ్వొచ్చు. కానీ ఇలాంటివాటితో ఒక చిక్కుంది.
ఎప్పుడో గీత దాటి రాయమన్నామనుకో,
రానని చెప్పదు.
గుండ్రంగా తిరిగొచ్చి
మొట్టమొదటి గడి మీదే రాసేస్తుంది,
చప్పుడు కాకుండా.
పొద్దున లేచేసరికి
తన పేరేమిటో దానికే తెలియదు.

ఇది విన్నాక ఓదెలు కాసేపు
బకెట్లో నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు.
"సిరిసిల్లల నేను నేసిన మొదటి చీర,
దాని అంచు ఏం రంగో
మొన్న రాత్రి పండుకుంటే యాదికి రాలే."

నేనేమీ అనలేదు. స్క్రూలు ఏరుకున్నాను.

శుక్రవారం సంతలో, చిరిగిన తివాచీ మీద
రిమోట్ల గుట్ట కింద దొరికింది పచ్చ కార్డు.
అర దినారు. దుమ్ము ఊదితే
అందులో సొంత లెక్క ఉంది, నలభై ఎనిమిది గళ్ళది.
పెట్టె కడుపులో ఖాళీ గాడిలో గుచ్చి
డిస్కు కొస దీనికి తగిలించాను.

పెట్టె తన వంతు వెతికింది.
ఏమీ లేదు, అని రాసింది.
ఆ కింద, ఇంకో అక్షరాల తీరులో,
పక్కింటివాడు గోడ మీంచి చెప్పినట్టు
మూడు వందల ఇరవై.

పెట్టె అభ్యంతరం చెప్పలేదు.

అన్నీ కలిపి ఏడు దినార్లయ్యాయి.
ఓదెలు జేబులు రెండూ వెతికి
ఆరు నా చేతిలో పెట్టాడు.
"ఇంకొకటి జీతం పడ్డంక."
సరే అని రశీదు మీద ఆరు రాసి,
కొంచెం ఎడంగా
ఒకటి రాశాను.