ముప్పై రెండు

రోహిణి కార్తెలో, కావలి కాలేజీ ల్యాబులో
నా టెస్ట్‌ట్యూబులన్నీ పొద్దున పదికే పాలవుతాయి.
ఎవరూ ముట్టుకోలేదు. ఏమీ కలపలేదు.
గదికి ముప్పై ఎనిమిది వచ్చింది, అంతే.

ముప్పై రెండు దాకా
ఆ పాలిమర్ గొలుసు నీళ్ళని ఒంటికి చుట్టుకుని
సాగి పడుకుని, కంటికి కనపడకుండా ఉంటుంది.
ఒక్క డిగ్రీ దాటిందా
నీళ్ళని విదిలించి ముడుచుకుంటుంది, తెల్లగా.
అలిగినట్టు అని రాయబోయి కొట్టేశాను.
చల్లబడితే ఏమీ జరగనట్టు మళ్ళీ తేటపడుతుంది;
మనుషులు అట్టా తేటపడటం నేను చూడలేదు.

ఉప్పు వేస్తే ఇంకా తొందర.
పావు గ్రాముకి ఇరవై ఎనిమిది.
అర గ్రాముకి ఇరవై మూడు.
మే నెలలో ఇరవై మూడు మాకు యాడ దొరుకుద్ది?
అటెండరు ఖాజావలి
రొయ్యల పెట్టెల ఐసు సైకిలు మీద తెచ్చేవాడు.
నా గ్రాఫులకి ఇప్పటికీ నీచు వాసన.

మా ఇస్కపల్లి కొటార్లలో
నీళ్ళు పోతేనే ఉప్పు పుడుతుంది.
ఇక్కడ ఉప్పు వస్తే నీళ్ళు పోతాయి.
ఈ రెండు ముక్కలూ మొదటి పేజీలో పెడితే
"ఇది థీసిస్సమ్మా" అన్నాడు మా గైడు
ఎర్రసిరా పెన్ను మూత తీస్తూ.

తెల్లారుజాము రీడింగు కోసమని ఒకసారి
రెండు ట్యూబులు ఇంటికి తెచ్చి
కుండ నీళ్ళలో నిలబెట్టాను.
మా అమ్మ పెంచలమ్మ పనికి పోబోతూ
దంతె గోడకానించి వంగి చూసింది.
"ఏందమ్మే, మంచినీళ్ళా?"
చేతిలో పెట్టాను.
ఏవి గీతలో ఏవి పగుళ్ళో చెప్పలేని చెయ్యి.
గుప్పిట మూసింది.
తెరిచేసరికి తెలుపు.
"నేనేం చెయ్యలేదే!" అంది, గాజుగ్లాసు పగిలినట్టు.
"నీ ఒంటి వేడిమా."
"నెయ్యి చలికి పేరుకుంటది.
ఇదేందే, వేడికి పేరుకుంటా ఉండాది?"

కుండలో ముంచింది. తేట.
పట్టుకుంది. తెలుపు.
ముంచింది. పట్టుకుంది.
వీధిలోంచి మేస్త్రీ రెండు కేకలేశాడు.
ఆమె వినిపించుకోలేదు. అంతకుముందు
మేస్త్రీ కేక ఆమె వినిపించుకోకపోవటం నాకు తెలీదు.

పోతా పోతా, కొంగు ముడిలోంచో గోళ్ళ సందుల్లోంచో
చిటికెడు ఉప్పు తీసి రెండోదాంట్లో వేసింది.
కుండలోనే, ఆ చల్లలోనే, తెల్లబడింది.
"తేరుకోదా ఇంక?"
"ఐసు కావాల."
దంతె భుజానేసుకుంది.

నాలుగో పట్టికలో ఒక గడి ఖాళీ.
ఎంత ఉప్పని అడిగితే ఏం చెప్పను?
గైడుతో, కరెంటు పోయిందన్నాను.