రందికి ఒక కాలమ్

ఫారం మూడో పేజీల అడిగిండ్రు:
"మీరు కొలవబోయేది ఏమిటి?
రెండు వందల యాభై పదాలు మించరాదు."

హన్మకొండల అద్దె గది. ఫ్యాను కీచు చప్పుడు.
గడువు రేపు సాయంత్రం ఐదింటికి.
మెదడుకు, నడవడికి, మనోవ్యాధికి
మూడింటికి కలిపి ఒక్కటే నిధి.
పంచుకోను దేశమంత వరుస కట్టింది.

పోయినేడు తిప్పి పంపిండ్రు.
రెండో సమీక్షకుడి వాక్యం నాకు నోటికొచ్చు:
"మిర్చి యార్డులో కన్నీటిని లక్షణంగా లెక్కించలేం.
అక్కడ అందరి కళ్లలోనూ నీళ్లే."

కోపం రావాలె. రాలే.
ఆయన రాసింది నిజమే.
ఏనుమాముల గేటు దాటంగనే
నా ముక్కు కారింది, నా అద్దాలు మసకబారినయి.
తేజ రకం ఒక దిక్కు, చపాట ఒక దిక్కు,
నడుమ కొంగులు మూతికి కట్టుకొని
తొడిమెలు తుంచే ఆడోళ్లు.
ఎవరు దేనికి కండ్లు తుడుచుకుంటున్నరో
నా ప్రశ్నల కాయితానికి తెలువలే.

ఓదెమ్మనే చెప్పింది, తల ఎత్తకుండ:
"ఇంట్ల ఏడిస్తే ఎందుకని అడుగుతరు బిడ్డా.
ఈడైతే మిర్చి మీదికి తోసెయ్యొచ్చు."

నాలుగేండ్లు చదివిన చదువు
ఆ బస్తా పక్కన కూసున్నది.

కాయితం తీసి చదివిన:
"గత రెండు వారాలలో పనులపై ఆసక్తి తగ్గినట్లు..."
"ఆసక్తి అంటే ఏంది?"
"అంటే... మనసు పెట్టుడు."
"మనసు పెడితె వేలు తెగుతదా, మనసు పెట్టకుంటె తెగుతదా?"
పక్కనున్న కొమురవ్వ నవ్వింది, దగ్గింది, మల్ల నవ్వింది.

ఆ పొద్దు మేం కొత్త కొలబద్ద చేసినం,
చాయ్ చల్లారిపోయేదాక.
రంది లేదు. సున్న.
రంది వచ్చి పోతది. ఒకటి.
రంది పొద్దంత పక్కనే కూసుంటది. రెండు.
"మూడేమో," ఓదెమ్మ ఆగింది,
ఒక కాయ తొడిమె తుంచి, ఇంకొకటి తుంచి,
"నిద్రల గూడ తొడిమెలు తీస్తనే ఉంటవు."

నీకెంత అని నేను అడుగలే.
అడుగుడే నా కొలువు, అయినా అడుగలే.

ఆమెనే అడిగింది:
"ఈ పైసలొస్తే నీకొస్తయి. నాకేమొస్తది?"
తెలువదన్న.
"నాతోని గంట మాట్లాడినవు. ఆరు కిలోలు పోయినయి."

అందుకే బడ్జెట్ల ఏడో వరుస చూడుండ్రి.
ప్రయాణం, ముద్రణ, నిద్ర కొలిచే చేతి పట్టీలు ఇరవై,
అటెన్క: ఒక్కో ముచ్చటకు ఆరు కిలోల కూలి,
చేతికి, అదే పొద్దు.
పై నుంచి ఇది "ప్రలోభం" అంటరేమో.
జవాబు అనుబంధంల రాసిన. రెండుసార్లు కొట్టేసి రాసిన.

పొద్దున సంతకం కోసం పోతే
అకౌంట్స్ సారంగపాణి ఏడో వరుస మీద పెన్ను ఆపిండు:
"మేడం, రంది ఏ హెడ్డు కింద వస్తది?"
నేను జవాబు వెతుకుతుంటే తుమ్మిండు.
నా సంచిల యార్డు ఇంకా పోలే.
ఇంకోసారి తుమ్మిండు, రుమాలు తీసిండు,
కండ్లద్దుకున్నడు. అవసరం కంటె కొంచెం ఎక్కువసేపు.
పేపర్లు నా దిక్కు జరిపిండు, సంతకంతోని.
నేనేం అడుగలే.

నాలుగు నలభైకి అప్‌లోడ్ తొంబై దగ్గర నిలిచింది.
కరెంటు పోయింది, వచ్చింది.
తెర మీద పచ్చ గీత: "స్వీకరించబడింది."
ఫలితం ఆరు నెలలకు.

ఆరు నెలలకు యార్డు ఊడ్చేసి ఉంటది.
ఓదెమ్మ ఏ పత్తి చేన్ల ఉంటదో,
అక్కడ కండ్లు మండయి.
అక్కడ ఏడుపు దేని మీదికి తోస్తదో
అడుగుదామని ఫోన్ నంబరు రాసుకున్న,
ఫారం వెనక, పెన్సిల్‌తోని.