ఆరువేల నూట పదిహేడు

నార్వే ఉత్తరాన, చెట్లు ఎదగడం మానుకున్న చోట
మంచులో పాతిన తొమ్మిది వేల ఆంటెన్నాలు.
మనిషెత్తు కూడా లేవు.
అన్నీ ఒక్క గొంతుతో ఆకాశాన్ని పిలవాలి.

ఈ రాత్రి తెరమీద కిరణం
కత్తి అంచులా ఉండాల్సింది
ఒక పక్క కాస్త వాచింది.
ఎవరో పలకడం లేదు.
ఎవరంటే ఏం చెబుతాం,
గుంపులో గోవిందలే అందరూ.

అన్నం ఉడికిందని ఒక్క మెతుకు చెబుతుంది.
రాయి ఎక్కడుందో
ఏ మెతుకూ చెప్పదు.

ఒక్కొక్కదాన్నే అడుగుతూ పోతే చలికాలం గడిచిపోతుంది.
అందుకే అవతలి కొండమీద చిన్న పెట్టె ఒకటి
నలభై సార్లు, నలభై తీర్ల మేళవింపులు వింటుంది.
వినాల్సిన దాంట్లోంచి విన్నదాన్ని తీసేస్తుంది.
మిగిలిందే
పలకనివాళ్ళ ఆకారం.

నలభై ప్రశ్నలకు తొమ్మిది వేల జవాబులు రావని
బడిపిల్లాడికైనా తెలుసు.
లెక్కంతా నిలబడింది ఒక్క నమ్మకం మీద:
చెడినవి కొన్నే.
చాలా చెడితే మాత్రం
సిగ్గుపడకుండా అబద్ధమాడుతుంది,
చక్కటి జాబితా ఇచ్చి మరీ.

ఇవాళ్టి జాబితాలో పద్నాలుగు.
పదమూడు ఒకే ఫ్యూజు కిందివి, అవి సరే.
పద్నాలుగోది ఒంటరిది.
సున్నివా స్కీలు కట్టుకుంది.
"తెల్లారాక వెళ్ళొచ్చుగా" అన్నాడు తూర్‌గేర్.
"జనవరి దాకా ఆగమంటావా?"

నుదుటి దీపం వెలుగులో వరస వెంట వరస.
ఆరువేల నూట పదిహేడు.
తీగ బాగుంది. బిగింపు బాగుంది.
మీటరు పెడితే ముల్లు ఠక్కున లేచింది,
నన్నెందుకు లేపావన్నట్టు.

మైనస్ ఇరవై ఎనిమిదిలో కాసేపు అలాగే నిలబడింది.
లెక్కను తిట్టుకుంది. కొండమీది పెట్టెనూ తిట్టుకుంది.
తర్వాత, ఊరికే, పక్కదానికి మీటరు పెట్టింది.
చడీ చప్పుడూ లేదు.
మొదట్లో మంచు బిగిసి
తీగ మెడ విరిగి ఉంది.

రెండింటి మీదా ఉన్న రేకుబిళ్ళలు తుడిచి చూసింది.
తన చేతిరాతే.
ఆరేళ్ళ కిందటి వేసవి, ముసురుకున్న దోమలు,
ఒక చేత్తో విదిలించుకుంటూ ఇంకో చేత్తో తగిలించినవి.
ఆరేళ్ళూ ఒకదాని పేరు ఇంకొకటి మోసింది.
రెండూ పలికినన్నాళ్ళు
ఎవరికీ తేడా తెలియలేదు.

చేతితొడుగు పళ్ళతో పట్టుకుని
బిళ్ళలు మార్చింది.
విరిగిన మెడకు కొత్త తీగ అతికింది.
వేళ్ళు తిమ్మిరెక్కాయి.
రేడియో నొక్కి,
"తూర్‌గేర్, మళ్ళీ విను" అంది.

గరగర.
ఇంకా గరగర.