సగం ఊపిరి దగ్గర

స్కార్‌బరో రేవులో శనివారం పొద్దున,
గాలి రెండు చెంపలూ వాయిస్తుంటే
డోరీన్ అకాస్టర్ నా చేతిలో కెమెరా లాక్కుని
పట్టీ నా మెడలో వేసి మళ్లీ ఇచ్చింది.
"మోచేతులు డొక్కలకి ఆనించు.
ఎడమచెయ్యి కింద పెట్టు, చంటిపిల్ల తలని పట్టుకున్నట్టు.
ఊపిరి సగం వదులు. ఆ సగం దగ్గర ఆగి నొక్కు.
పొడవకు. నొక్కు."

నాకు నవ్వొచ్చింది.
వారానికి అయిదు రోజులు ఈ మాటకే నాకు జీతం,
ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో:
పీల్చండి, బిగబట్టండి, కదలకండి,
ఇక వదలండి.
పీతల పడవలవాళ్ల పక్కటెముకలు
నా మాటకి రాళ్లలా నిలబడతాయి.
నా ఊపిరే నా మాట వినదు.
మొదటి నెల ఫొటోలన్నీ గంజి.

ఎఫ్ పక్కన అంకె పెరిగితే కన్ను చిన్నదవుతుందట.
ఈ తలకిందుల లెక్క ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోయేదాన్ని,
సూదిలో దారం ఎక్కిస్తూ నేనే ఒకరాత్రి
కళ్లు చికిలించేదాకా.

తర్వాత, సముద్రం మంచుని ఒడ్డుకి తోసేసిన రోజు:
"కెమెరాకి ఒకటే మతం, లోకమంతా బూడిదరంగని.
తెల్లపిట్టని చూపిస్తే మసి పూస్తుంది,
నల్లపడవని చూపిస్తే సున్నం కొడుతుంది.
చెప్పేది విను, నమ్మకు.
పిట్టకి ఒక మెట్టు పెంచు, పడవకి ఒక మెట్టు దించు."

ఆ సాయంత్రం టీ కొట్లో
క్లిఫర్డ్ టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చి కూర్చున్నాడు.
ఆరుగురం. అయిదు ముఖాలు,
మూలన ఒక జత పళ్లు, ఒక చెవి దుద్దు.
బాగా వచ్చిందన్నారు అందరూ, నేను కూడా.
డోరీన్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూసింది.
"వకుళ ముఖానికి కొలు.
కిటికీ తగలబడితే తగలబడనీ."
రెండోసారి కిటికీ నిజంగానే తగలబడింది,
తెల్లగా, సముద్రంతో సహా.
నా నుదుటి మీద ఆటలమ్మ మచ్చ
నేనే మర్చిపోయిన చోట ఉంది.

నవంబరు. రేవు మెట్ల మీద నాచు, దాని మీద మంచు.
చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు,
కుడి మణికట్టు ఒళ్లో పెట్టుకుని,
ఎవరిదో వస్తువు భద్రంగా తెస్తున్నట్టు.
"ఎక్స్‌పోజర్ ఎంత?" అంది, హలో కూడా లేకుండా.
యాభై అయిదు కిలోవోల్టులు.
"షట్టర్?"
రెప్ప వేసే లోపు.
"పొడవకు మరి."

మణికట్టుకి ఊపిరి బిగబట్టక్కర్లేదు.
అయినా ఆవిడ సగం వదిలి
ఆ సగం దగ్గర ఆగింది.

తెర మీద చూపుడువేలు.
ఊరి పత్రికకి నలభై ఏళ్లు నొక్కిన వేలు,
చివరి కణుపు అరిగి, కొంచెం కుడికి ఒరిగి.
దాని కింద, మణికట్టు దగ్గర,
వెంట్రుకంత నల్లగీత.
ఉన్నది చెప్పడం నా పని కాదు, డాక్టరు చెప్తారన్నాను.
ఆవిడ నా ముఖంకేసి చూసింది.
"కొలిచేశాలే. విరిగింది."

మూడు శనివారాలు పోయాక
కట్టు కట్టిన చెయ్యి గాల్లో ఊపుతూ
నన్ను అటు జరుగు, ఇటు జరుగు అని తిట్టింది.
ఆవిడ కెమెరా నా మెడలో, ఇటుక బరువు.
ఒక మెట్టు పెంచాను.
పిట్ట లేచింది.
సగం దగ్గర ఆగానో లేదో, నొక్కాను.

"రెక్క కదిలింది," అంది డోరీన్.
పిట్ట కదండీ, అన్నాను.