కౌలు కాగితం

పదకొండో ఆట కూడా పోయింది.
నర్సాపురం కాలేజీ వెనక ఇసక పోసిన చదునులో
వెదురు గడల మీది హాలోజెన్ దీపాల కింద
మా పసుపు బనీన్లు ఒక్కొక్కటే బయటికొచ్చి
గీత పక్కన ముడుచుకు కూచున్నాయి
వానకి తడిసిన కోడిపిల్లల్లా.

మేడిది జోగయ్య వేరుశెనక్కాయల పొట్లం నలిపి నేలకేసి కొట్టాడు.
"కోచ్‌ని పీకెయ్యండ్రా!" చీకట్లోంచి ఎవరో.
ఆ మాటే అందరం అన్నాం,
కూత ఆపకుండా అన్నాం.
కమిటీ కాగితాలు టైపు చేసే రామలింగం
నా భుజం మీద చెయ్యేసి మెల్లిగా చెప్పాడు:
పీకితే మిగతా మూడేళ్ళ జీతం
ఒక్కసారే లెక్కెట్టి ఇవ్వాలంట.
అరవై మూడు లక్షలు.

ఆయనొచ్చిన రోజు గుర్తుందా జోగయ్యా,
బస్టాండు నిండా ఫ్లెక్సీ, డప్పులు,
చెరువుల వాళ్ళు టన్ను రొయ్యకింతని చందా కోశారు,
రసీదు పుస్తకంలో నేనూ రెండొందలు రాశాను.
ఆ ఫ్లెక్సీ ఇప్పుడు నీ గేదెల పాకకి కప్పు.
వానొస్తే కోచ్ గారి పళ్ళ మీంచి
నీళ్ళు కారి కుడితి గోలెంలో పడతాయి.

కొల్లాటి ఏడుకొండలు బల్ల మీదే ఉన్నాడు ఆ రాత్రి కూడా.
వల చిక్కుకుంటే నీళ్ళ అడుగుకెళ్ళి
మనం భయపడి పేరెట్టి పిలిచేదాకా పైకి రాని పిల్లాడు.
వాడి ఊపిరికి కొలత లేదు.
పద్ధతిలో ఇమడడంట.
పలక మీద బాణాలు గీస్తారు కోచ్ గారు,
బాణాలన్నీ అటే వెళతాయి,
మనోళ్ళు మాత్రం పట్టులో పడి ఇటే ఉంటారు.

ఇంటికొచ్చి ఎరువుల చీటీ వెనక లెక్కేశాను.
లెక్క తేలలేదు, వేరేది తేలింది.
సార్వా పాలు పోసుకునే వేళ తుపానొచ్చింది నిరుడు.
పనలు చేలోనే మొలకలెత్తాయి.
అయినా కౌలు బస్తాలు కొలిచాను, ఆడదాని గాజులు కుదవెట్టి.
దాళ్వాకి ఆసామి కబురంపాడు,
"చేను ఇంకోళ్ళకిచ్చాం, ఏవనుకోకు."
నాది నోటిమాట కౌలు.
ఆయనది పదకొండు పేజీలు, పేజీకో సంతకం.
ఓడినందుకు ఎదురు డబ్బిచ్చే కౌలు ఒకటుంటుందని
నలభై తొమ్మిదేళ్ళొచ్చేదాకా నాకు తెలీదండి.

ఆదివారం పొద్దున్న సఖినేటిపల్లి పంటు ఎక్కాను.
మంచులో అవతలి గట్టు ఇంకా పుట్టలేదు.
రెండు మోటార్ సైకిళ్ళకీ ఒక అరటిగెలల ఆటోకీ మధ్య
ఆయన.
మెళ్ళో విజిల్ అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టు.
రాత్రంతా నూరుకున్న మాటలున్నాయి నా దగ్గర,
కొడవలి కంటే పదును.
అంతలో టిక్కెట్ల కుర్రాడొచ్చాడు.
ఆయన జేబులు తడుముకుని ఐదొందల కాగితం తీశాడు.
"చిల్లర లేదండి, దిగిపోండి మరి" అన్నాడు వాడు,
ఏటి మధ్యలో.

"ఇద్దరికీ" అన్నాను నేను.
ఎందుకన్నానో నాకు తెలీదు.

"మీరు ఆటలకొస్తారా?" అన్నాడాయన.
"ఆయ్, వస్తానండి."
తర్వాత ఇంజను చప్పుడే.
నూరుకున్న మాటల్లోంచి ఒక్కటే బయటికొచ్చింది,
అదీ మొండిది.
"ఏడుకొండల్ని దింపండి."
ఆయన తలాడించాడు.
నాకేసి కాదు, నీళ్ళకేసి.
పోటు మీదున్న గోదారికి ఆ తల ఊపు
ఔనో కాదో అర్థమైందేమో.

గట్టు తగిలింది. దిగి చెరో దారిన పోయాం.
ఆయన మీద నా చందా
రెండొందలకి పైన ఇంకో టిక్కెట్టు.

శనివారం తణుకు వాళ్ళతో ఆట.
జోగయ్య రానంటే రానన్నాడు, ఒట్టేశాడు.
వేరుశెనక్కాయలు నేను తెస్తానన్నాను.
ఎన్నింటికి, అన్నాడు.