చిటికి కట్టిన అతుకు

గట్టుప్పల్ నుంచి నల్లగొండ దాక
బస్సుల నిలబడే పోయేటోన్ని.
కూసుంటె నా మోకాళ్లు ముందు సీటును పొడుస్తయి.
మా ఊరి పాత బోరునీళ్లు
పదేండ్లకే నా ఎముకలను మగ్గం గుంజలు జేసినయి.

అందుకే బండి గావాలనుకున్న.
వంగని కాళ్లు సాపుకునే సీటు,
గేరు చేతికి, బ్రేకు చేతికి,
పక్కకు మూడో చక్రం,
చీరెల మూట పట్టేంత తొట్టి.

బోర్డు మీద విక్కీ కస్టమ్స్.
కరెంటు బిల్లు మీద విఠలయ్య.
ఫోనుల బొమ్మలు జరిపి జరిపి చూపెట్టిండు,
గోవాల ఒకటట, పుణెల ఒకటట,
అన్ని బండ్ల ఎనక పొద్దు గుంకుతనే ఉన్నది.
"నీ బండి జూసి ఊరు ఆగుతదన్నా" అన్నడు.
ఊరు ఆగుడెందుకు, నేను పోతె చాలన్న.

నలభై రెండు వేలు.
తెల్లపోగుల మీద సైకిలు ట్యూబు ముక్కలు
చుట్టి చుట్టి, గోళ్లు అరిగి,
రెండేండ్లకు జమైన పైసలు.

శివరాత్రికన్నడు. ఉగాదికన్నడు.
రోహిణి కార్తెల ఫోను జేస్తె
పెయింటు ఆరుతలేదన్నడు.

వచ్చింది ఆఖరికి.
ట్యాంకు మీద మంటల స్టిక్కరు. నేనడగలే.
"ముందే ఎండలు, మల్ల మంటలెందుకు" అన్నది మా ఇంటామె.
మూడో చక్రం కొత్త కోడలి లెక్క లోపలికి ఒంగింది.

మొదటి వానకు, చండూరు ఇవతల
పటుక్కుమన్నది.
తొట్టి తొవ్వ పక్కకు, నేను కందిచేన్ల.
నా అంతట నేను లేవరాదు.
మేకలామె, ఆమె కొడుకు వచ్చి
పడిపోయిన తడికను లేపినట్టు లేపిండ్రు.

విరిగినకాడ గోటితోని గీరిన.
రంగు కింద పుట్టీ, పుట్టీ కింద ఎమ్‌సీలు,
దాని కింద బీడీకట్ట కాయితం.
ఇనుము ఇనుమును ముట్టనే లేదు.

మా సేటు దగ్గర
ఒక్క పోగు రంగు దప్పితె ఆరొందలు కోత.
చీరె చెడితె ఎవ్వరి మెడా ఇరగదు.

"రోడ్లట్లున్నయన్నా" అన్నడు విక్కీ.
"కూసో, చాయ్ చెప్త."
కూసోలే.
కూసుంటె లేపనీకె ఇద్దరు గావాలె.
నిలబడుడు నాకు కొత్త గాదు.
షెడ్డు నడుమ గుంజ లెక్క నిలబడ్డ.
వచ్చిన గిరాకీలు నన్ను జూసి, ఇరిగిన తొట్టిని జూసి,
మళ్లొస్తమని పోయిండ్రు.
నలుగురు. లెక్కవెట్టిన.
ఐదోటోడు బుల్లెట్టు స్టాండు ఏయకముందే
విక్కీ గొంతు దిగింది.

అప్పుడు ఎనక నుంచి పిలగాడొచ్చిండు,
ఉప్పలయ్య, మీసం ఇంక గీతలాగనే ఉన్నది.
"అతుకు నేనే పెట్టిన కాకా.
రాడ్లు అయిపోయినయి. సారు పుట్టీ పెట్టమన్నడు."
చేతులనిండ నిప్పురవ్వల మచ్చలు.
తిట్టుమన్నట్టు నిలబడ్డడు.

నా మొదటి చిటికి యాదికొచ్చింది:
ముడి వదులై రంగు లోపలికి దూరి
నెమలి మెడకాడ మరక.
మా నాయిన కొట్టలే. అన్ని ముళ్లూ ఇప్పిచ్చిండు.

"గీరు" అన్న. "ఇనుము తెల్లగయ్యేదాక గీరు."
రాడ్ల పైసలు విక్కీ జేబులకెల్లే.
రాత్రి తొమ్మిదికి ఎర్రగున్న అతుకు మీద
నీళ్లు పోస్తనంటె వద్దన్న,
దానంతటదే సల్లారాలె.
రంగు ఏస్తమన్నరు. అదీ వద్దన్న.

ఇప్పటికీ ఎడమకు గుంజుతది.
పదకొండు వేలు వాపసిస్తనన్నోడు
మూడు వేలిచ్చి ఫోను ఎత్తుతలేడు.
మంటల స్టిక్కరు సగం ఊడింది, సగం ఊడతలేదు.

అతుకు చుట్టూ ట్యూబు ముక్కతోని
ఒక చిటికి కట్టిన.
బలానికి గాదు.
లోపల ఇనుము కదిలితె
ముందుగాల నా ముడికి తెలుస్తది.
రోజూ బండెక్కే ముందు
కండ్లు మూసుకొని
దాని మీద వేలు పెట్టి చూస్త.